దినకర్ బాబు క్యారేజీ

ప్రతి బడికీ ఒక రౌడీ పిల్లాడు తప్పనిసరిగా ఉండాలి. లేకపోతే ప్రభుత్వమే ఒకణ్ణి పోస్టింగిచ్చి పంపాలి! ఇది నా దృఢమైన అభిప్రాయం. ఎవరైనా గట్టిగా కాదంటే వెంటనే మార్చుకుంటాను.

నవ్వకండి. మా అక్షిత రెండో క్లాసు. అది వెళ్లే స్కూలు టోటోలోనే, అంటే బ్యాటరీ రిక్షాలోనే, నాలుగో క్లాసు దినకర్ కూడా ఎక్కుతాడు. ఎక్కగానే చిన్నపిల్లల టిఫిన్ డబ్బాలు లాక్కుని, నచ్చింది తిని, నచ్చనిది వాళ్ల ఒళ్లోనే కుమ్మరిస్తాడు. ఎదురు చెప్తే జడ పట్టి లాగుతాడు. దీనివల్ల ఎన్ని లాభాలో ఎప్పుడైనా ఆలోచించినారా? పిల్లకి ఒళ్లు రాదు. పంచుకోవడం వస్తుంది. నోరు మూసుకుని కూర్చోవడం వస్తుంది. రేపు ఉద్యోగంలో పనికొచ్చేవి ఇవే కదా!

నన్ను చూడండి. ఖరగ్‌పూర్ రైల్వే ఆఫీసులో గుమస్తాని. పై అధికారి దగ్గితే లేచి నిలబడతాను. మేముండే మలంచాలో ఆటోవాడు నన్ను ఇల్లు దాటించి ఎక్కడో దించినా, "ఠీక్ హై దాదా, పర్లేదన్నా" అని వెనక్కి నడిచొస్తాను. ఇంత మర్యాద ఊరికే వచ్చిందనుకున్నారా? చిన్నప్పుడు బడిలో తన్నులు తిని సంపాదించుకున్నాను!

పైగా దినకర్ ఎవరనుకున్నారు? మా హెడ్ క్లర్కు అచ్యుతరావుగారి పుత్రరత్నం. నా లీవు కాగితం ఆయన చేతిమీదుగానే వెళ్లాలి. అంచేత అక్షిత ఏడుస్తూ వచ్చి, "నాన్నా, నువ్వొచ్చి వాడికి చెప్పు" అంటే, బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టినాను. రెండు క్యారేజీలు! ఒకటి దానికి, ఒకటి దినకర్ బాబుకి.

"మీకు మతి గానీ పోయిందేటి?" అంది మా ఆవిడ సుచరిత. "పిల్లని ఏడిపించినోడికి డబ్బా కట్టి పంపుతారా?"

"దీన్నే డిప్లొమసీ అంటారు" అన్నాను.

ఇక రోజూ సాయంత్రం, "రేపు దినకర్ బాబుకి ఏటి కావాలన్నాడమ్మా?" అని పిల్లనడిగి ఆర్డరు తీసుకునేవాణ్ణి. ఉప్మా వద్దన్నాడంటే పూరీలు. పూరీలు చల్లారిపోతున్నాయంటే కొత్త హాట్‌ప్యాక్. అంత మంచి డబ్బా నాకే లేదు.

అన్నీ కుదిరినాయి గానీ, పొద్దున్నే పిల్లకి కడుపునొప్పి మొదలైంది. టోటో హారన్ వినపడితే బాత్రూంలో దూరేది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. మెల్లగా బడి కబుర్లు చెప్పడం కూడా మానేసింది. ఆహా, ఎంత అణకువ వచ్చిందో అని మురిసిపోయినాను. ఆ మురిసినవాణ్ణి చెప్పుచ్చుకు కొట్టాలి.

మొన్న ఆ టోటోలో కొత్తగా జెర్రీ అని యూకేజీ పిల్లాడు ఎక్కినాడు. నిమ్‌పురా రైల్వే షెడ్డులో పనిచేసే విల్‌ఫ్రెడ్ కొడుకు. దినకర్ వాడి డబ్బా లాగినాడు, వాడు బేరుమన్నాడు. మా అక్షిత లేచి, డబ్బాని రెండు చేతులా పట్టుకుని, "ఇది జెర్రీది. ఇవ్వం. నీకు కావాలంటే మీ అమ్మనడుగు" అందట! జడ లాగినా వదల్లేదట. అది చూసి మిగతా పిల్లలూ "ఇవ్వం, ఇవ్వం" అని అందుకున్నారట. టోటో నడిపే దాదా బండాపి, దినకర్‌ని తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకున్నాడట.

మీరైతే ఏటి చేస్తారు? పిల్లని ఎత్తుకుని ముద్దాడతారు. నాకు లీవు కాగితం గుర్తొచ్చింది. అక్షితని రెక్క పట్టుకుని అచ్యుతరావుగారి క్వార్టరుకి లాక్కెళ్లినాను.

"బాబుకి సారీ చెప్పమ్మా" అన్నాను.

"చెప్పను నాన్నా. నేను తప్పు చెయ్యలేదు."

అచ్యుతరావుగారు జరిగిందంతా పిల్లనే అడిగి తెలుసుకున్నారు. ఆయన మొహం మాడిపోయింది. కొడుకుని దగ్గరికి పిలిచి, అక్షితకి సారీ చెప్పించినారు. తర్వాత నా వైపు తిరిగినారు.

"ఇన్నాళ్లుగా జరుగుతుంటే నాకొక్క మాట చెప్పలేదేటండీ?"

నేను అలవాటు ప్రకారం, "సారీ సార్" అన్నాను.

బయటికొచ్చినాక అక్షిత నా వేలు పట్టుకుంది. "నీకు భయమేస్తే నాకు చెప్పు నాన్నా, నేనొస్తాను" అంది. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుతోనే వచ్చింది.

ప్రేమ్ బజార్‌లో ఎవరో పిల్లలకి ధైర్యం నేర్పే క్లాసులు పెట్టినారట. పిల్లలకెందుకండీ? తండ్రులకి ఒక బ్యాచి పెట్టమనండి, నేను చేరతాను. మొదటిరోజు మాత్రం మా అమ్మాయిని తోడు రానివ్వాలి.