ఎంగిలి పిస్తోలు

ఒక పెద్ద అడవిలో ఎండాకాలం వస్తే మంచినీళ్ల చెలమ ఒక్కటే మిగిలేది గానీ, సంఘాలు మాత్రం పదహారు ఉండేవి. వాటన్నిటిలోకీ పేరు మోసింది పిస్తోలు అభిమానుల సంఘం. అందులో ఒక్కరూ జన్మలో పిస్తోలు పేల్చి ఎరగరు. పేల్చేవాళ్లకి పని మీదే ధ్యాస గానీ అభిమానం ఎక్కడుంటుందని వాళ్ల వాదన.

ఆ ఏడు ఏటి ఇసుకలోని ఆ చెలమకి ఒక చిరుతపులి మరిగింది. నీళ్లకి వెళ్లినవాళ్లలో రెండు రోజులకొకరు ఇంటికి రావడం మానేశారు. వరహాలమ్మ అనే కుందేలుకి నలుగురు పిల్లలుండేవాళ్లు. ఇప్పుడు ముగ్గురు. నాలుగోదాని సంగతి ఎవరైనా అడిగితే ఆవిడ మిగతా ముగ్గురినీ దగ్గరికి లాక్కునేది.

పంచాయతీ కూర్చుంది. చెలమ దగ్గర కాపలా పెట్టాలని అందరూ ఒప్పుకున్నారు. ఎవరుండాలనేసరికి అందరికీ పనులు గుర్తొచ్చాయి. దున్నపోతుకి కీళ్లనొప్పులు. అడవిపందికి ఇంట్లో పెళ్లి. చివరికి వరహాలమ్మే లేచి నిలబడింది.

"నేనుంటాను. నా చేతికో పిస్తోలు ఇప్పించండి, చాలు," అంది.

ప్రెసిడెంటు ఏనుగు సంతోషించి సరేనన్నాడు. ఆ నెలలోనే పట్నంలో రెండు కొత్త రకాలు విడుదలయ్యాయి. ఒకదాని పేరు పిడుగు, రెండోదాని పేరు కొరివి. ట్రిగ్గరు నొక్కితే ఒక తూటా పేలి, ఖాళీ అయిన చోటికి ఇంకో తూటా తనంతట తనే ఎక్కి కూర్చునే రకాలు. రెండిటినీ నమూనాకి తెప్పించారు. ఏది మంచిదో పిస్తోలు అభిమానుల సంఘం రాసివ్వగానే దాన్ని వరహాలమ్మకి ఇవ్వాలని తీర్మానించారు.

అక్కడే పని చెడింది.

సంఘానికి అధ్యక్షుడు పరాంకుశం అనే నక్క. పిస్తోళ్ల విషయంలో ఆయన మాటకి ఎదురు మాట అడవిలో లేదు. ఆయనకి ఎవరికీ తెలియని ఏర్పాటు ఒకటుంది. చిరుత తినగా మిగిలింది ఆయనది. చెలమ దగ్గర ఎవరైనా పిస్తోలు పట్టుకుని నిలబడితే పరాంకుశం ఇంట్లో పొయ్యి వెలగదు. అలాగని ఆయన తీర్మానానికి అడ్డం చెప్పలేదు. అంత తెలివితక్కువవాడు కాదు. "తప్పకుండా ఇస్తాం. కానీ అభిప్రాయం అన్నాక సమగ్రంగా ఉండాలి కదా," అన్నాడంతే.

మర్నాడు పొద్దున్నే వరహాలమ్మ సంఘం కూర్చునే బండ దగ్గరికి వెళ్లింది. ఆ బండ చెలమకి ఎగువన ఉంటుంది. చిరుత ఆ బండ జోలికి రాదు. అదీ ఏర్పాటులో భాగమే.

ఎలుగుబంటి కొండలరావు పిడుగుని అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నాడు. "పట్టు బ్రహ్మాండంగా ఉందమ్మా. వేలే ట్రిగ్గరు దాకా దూరడం లేదు. నన్నడిగితే కొరివే మేలు," అన్నాడు.

"అందులో దూరిందా అండీ?"

"అందులోనూ దూరలేదు. కానీ ఆ దూరకపోవడంలో ఒక మర్యాద ఉంది."

కోతి చలపతి కొరివిని ముక్కలు ముక్కలుగా విప్పి బండ మీద పరిచాడు. "నాలుగుసార్లు విప్పి బిగించాను వదినా. ప్రతిసారీ ఒక స్ప్రింగు మిగులుతోంది. అంటే కంపెనీవాడు ఒకటి ఎక్కువే ఇచ్చాడన్నమాట. ఈ రోజుల్లో అంత పెద్ద మనసు ఎవరికుంది?"

తాబేలు కూర్మారావు సంఘంలోకెల్లా పెద్దవాడు. ఆయనకి రెండూ నచ్చలేదు. "మా తాతగారి రోజుల్లో మందు కూరి పేల్చే తుపాకులుండేవి. ఒకటి పేల్చి రెండోది కూరేలోగా ఇద్దరికీ ఆలోచించుకునే తీరిక దొరికేది. ఈ తనంతట తనే ఎక్కే తూటాలు సంసారపక్షం కాదు," అన్నాడు.

వరహాలమ్మ ఓపిగ్గా అంతా వింది. తర్వాత, "పేల్చి చూస్తే తేలిపోతుంది కదండీ?" అంది.

అందరూ గతుక్కుమన్నారు. కూర్మారావు తల డిప్పలోకి లాక్కున్నాడు.

పరాంకుశం మాత్రం మెత్తగా నవ్వాడు. "చూడమ్మా వరహాలమ్మా, కొత్తదానివి కాబట్టి క్షమిస్తున్నాం. పిస్తోలు ఒక్కసారి పేలిందంటే ఎంగిలైపోతుంది. ఎంగిలి పిస్తోలు మీద అభిప్రాయం రాసే ఆచారం మాకు లేదు. మా వంశంలో ఎంగిలి ముట్టినవాడే లేడు."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన పళ్ల సందున ముందురోజు లేడి మాంసం ఇంకా ఉంది.

వారం గడిచింది. సంఘంవాళ్లు పిడుగు పెట్టె మీది రంగు గురించి ఒక రోజు, మూత పడే చప్పుడు గురించి రెండు రోజులు మాట్లాడుకున్నారు. నల్లటిదా, బూడిదరంగుదా ఏది హుందాగా ఉంటుందన్న దాని మీద కొండలరావుకీ చలపతికీ మాటలు ఆగిపోయాయి. మళ్లీ వాళ్లని కలపడానికి ఒక సభ పెట్టారు. ఈలోగా చెలమ దగ్గర దుప్పి పిల్ల పోయింది, అడవిపంది కొత్త అల్లుడు పోయాడు. రెండు ఇళ్లకీ పరామర్శకి అందరికంటే ముందు పరాంకుశమే వెళ్లాడు, మూతి తుడుచుకుని.

వరహాలమ్మ చెలమకి పోవడం మానేసి, పొద్దున్నే ఆకుల మీది మంచు పిల్లల చేత నాకించేది. ఎండలు ముదిరి ఆ మంచు కూడా పడడం మానేసింది. పన్నెండో రోజున చిన్నదాని నాలుక పిడచకట్టుకుపోయి, అమ్మా అనడానికి కూడా మాట రాలేదు. వరహాలమ్మకి దుఃఖం రాలేదు, ఒళ్లు మండింది. ముగ్గురినీ వెంటబెట్టుకుని బండ ఎక్కింది. ఎవరినీ ఏమీ అడగలేదు. పిడుగుని చేతిలోకి తీసుకుని తిన్నగా చెలమ వైపు దిగింది.

"అయ్యో, ఆపండి, ఎంగిలి చేసేస్తుంది," అంటూ సంఘమంతా ఆవిడ వెనకాల పరిగెత్తింది.

వాళ్లు ఇసుకలోకి దిగేసరికి రెల్లుపొదల్లోంచి చిరుత బయటికి వచ్చింది. వరహాలమ్మ పిల్లల ముందు నిలబడి రెండు చేతులతో పిస్తోలు ఎత్తి ట్రిగ్గరు నొక్కింది.

టిక్కుమంది. మళ్లీ నొక్కింది. మళ్లీ టిక్కుమంది.

"తూటాలేవీ?" అని అరిచింది.

"తూటాలా? అవి వద్దని మొదట్లోనే రాసేశాం," అన్నాడు చలపతి. "ఉంటే ఎవరో ఒకరు పేల్చరూ?"

చిరుత తాపీగా వచ్చి వరహాలమ్మ చెవులు రెండూ ఒక పంజా కింద తొక్కిపెట్టాడు. రెండో పంజాతో పిస్తోలు ఎత్తి అటూ ఇటూ తిప్పి చూశాడు. వరహాలమ్మ ఇసుకలో మూతి ఆనించి, పిల్లల్ని కళ్లతోనే పారిపొమ్మంటోంది. పిల్లలు కదల్లేదు.

"పిడుగా ఇది?" అన్నాడు చిరుత. "దీని ట్రిగ్గరు మరీ బిగువు. కొరివే నయం."

ఇప్పుడు పరాంకుశం చేయవలసిందల్లా నోరు మూసుకోవడం. ఒక్క నిమిషం ఓపిక పడితే ఆయన భోజనం తయారవుతుంది. ఆ సంగతి ఆయనకి తెలుసు. కానీ పన్నెండేళ్లుగా పిస్తోళ్ల విషయంలో ఆయన్ని కాదన్నవాడు లేడు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"క్షమించాలి దొరా. దాన్ని బిగువనరు, నిబ్బరమంటారు. పిడుగే మేలు."

"ఏమోయ్ పరాంకుశం, నువ్వెప్పుడైనా పేల్చావా?"

"లేదు దొరా. అందుకే నా అభిప్రాయం శుభ్రంగా ఉంది."

"నా తొడలో చూడు, పోయినేడు వేటగాడు కాల్చిన మచ్చ. దెబ్బ తిన్నవాణ్ని, నాకు తెలియదూ?"

"దెబ్బ తిన్నవాడిది పక్షపాతం దొరా. అది అభిప్రాయం కిందకి రాదు."

కొండలరావు చిరుత వైపు చేరాడు. చలపతి మిగిలిన స్ప్రింగు తెచ్చి చూపించాడు. కూర్మారావు మెల్లగా వచ్చి తన తాతగారి కాలం నుంచి మొదలుపెట్టాడు. చిరుతకి కోపం ముంచుకొచ్చింది. పేలినప్పుడు పిస్తోలు చేతిని ఎంత వెనక్కి తంతుందో చూపించాలంటే రెండు పంజాలూ కావాలి. పంజా ఎత్తాడు.

వరహాలమ్మ చెవులు విదిలించుకుని, పిల్లల్ని తోసుకుంటూ చెలమ దగ్గరికి వెళ్లింది. నలుగురూ కడుపునిండా నీళ్లు తాగారు. చిన్నదానికి మాట వచ్చింది. వెనకాల చిరుత గొంతు వినిపిస్తూనే ఉంది. "ముందు నన్ను చెప్పనివ్వండి," అంటున్నాడు.

మర్నాడు చిరుత సంఘంలో సభ్యుడిగా చేరాడు. పొద్దున బండ ఎక్కితే పొద్దుగూకేదాకా దిగడు. వేటకి తీరిక లేదు, సందు దొరికినప్పుడు నాలుగు ఏటిపీతలు నమిలి మళ్లీ వాదనలో కూర్చుంటాడు. చెలమ దగ్గర జనం నిమ్మళంగా నీళ్లు తాగి వెళ్తున్నారు. వరహాలమ్మ ఖాళీ చేతులతో కాపలా కాస్తోంది.

పాపం పరాంకుశానికే కష్టకాలం వచ్చింది. పీతల్లో మిగిలేదేముంది? పక్కటెముకలు లెక్కపెట్టుకునే స్థితికి వచ్చాడు. దీనికి మందేమిటో ఆయనకి తెలుసు. మీరన్నదే నిజం దొరా, కొరివే మేలు, అని ఒక్కసారి అనేస్తే వాదన ముగుస్తుంది, చిరుత వేటకి లేస్తాడు. ఆ ఒక్క మాట గొంతు దాటడానికి ఇరవై రోజులు పట్టింది.

ఇరవై ఒకటో రోజు సాయంత్రం ఆకలికి తాళలేక పరాంకుశం చేతులు జోడించాడు. "దొరా, ఒక మాట. మీరన్న కొరివే..."

ఆ మాట చెలమ దాకా వినిపించింది. ఏం జరగబోతోందో వరహాలమ్మకి అర్థమైంది. ఏటి గట్టున పిల్లలు ముగ్గురూ ఆడుకుంటున్నారు. ఆవిడ గొంతు సవరించుకుని బండ వైపు తిరిగింది.

"పరాంకుశంగారూ, పట్నంలో ఉరుము అని మూడోది విడుదలైందట కదా. మీ పిడుగూ, దొరగారి కొరివీ దాని ముందు చాలవంటున్నారు, నిజమేనా?"

"ఎవరన్నారు?" అని పరాంకుశమూ చిరుతా ఒక్కసారే లేచారు.

నీతి: ఆత్మరక్షణకి ఆయుధం అక్కర్లేదు, దాని మీద ఇద్దరికి రెండు అభిప్రాయాలుంటే చాలు.