బాద్షా వసతి

రాయచూరులో పార్టీ వార్డు అధ్యక్షుడు గురురాజ్ ఒక ఆదివారం ఉదయం మైకు పెట్టించి చారిత్రక ప్రకటన చేశాడు. మంత్రిగారు తనకు ప్రేమతో బహూకరించిన పగ్ కుక్క బాద్షా ఇకపై బంగళాలో కాక సామాన్య ప్రజల మధ్య నివసిస్తుందన్నాడు. దాని గురకకు అధ్యక్షుల వారి శ్రీమతి సౌభాగ్యలక్ష్మికి కంటి మీద కునుకు లేదన్న సంగతి ప్రకటనలో లేదు.

సామాన్య ప్రజలుగా జయాబాయి ఎంపికైంది. ఆమె, భర్త మహదేవప్ప పిండి గిర్ని నడుపుకుని బతుకుతున్నారు. మేడెక్కితే థర్మల్ స్టేషన్ పొగగొట్టాలు కనిపిస్తాయి. రాష్ట్రానికంతా కరెంటు అక్కడి నుంచే పోతుంది. అంతా పోతుంది కాబట్టి వీళ్ల వీధిలో ఉండదు. జొన్నల సంచులు గిర్ని ముందు వరుసగా కూర్చునేవి. విసిగిపోయిన గిరాకీ సగం పక్క ఊరు చిక్కసూగూరుకు వెళ్లిపోయింది.

బాద్షా వచ్చింది. చప్పిడి ముక్కు, ముడతల నుదురు, దేశం గురించి దిగులు పడుతున్నట్టుండే మొహం. పశువుల డాక్టరు చూసి, ఈ జాతికి ఊపిరి తక్కువ, ఎండకు ఆగదు, ఏసీ తప్పదని రాసిచ్చాడు. జయాబాయి అర్జీలకు ఏళ్లుగా కదలని కరెంటు ఆఫీసు, ఆ ముక్కు కోసం సాయంత్రానికే కదిలింది. ఏసీ వచ్చింది. లైన్‌మన్ నింగప్ప వచ్చి ఎప్పటికీ కరెంటు పోని లైను ఆమె ఇంటికి లాగాడు.

గిర్ని తిరిగింది. గిరాకీ తిరిగొచ్చింది. మొదట్లో జయాబాయి కుక్కను ప్రభుత్వ సొత్తులాగే చూసింది. తర్వాత రోజూ తడిగుడ్డతో దాని మొహం ముడతలు తుడవడం, తన కంచంలోని రొట్టె తుంచి పెట్టడం అలవాటైంది. అది మహదేవప్ప పొట్ట మీద పడుకుంటే ఆయన పక్కకు తిరగడం మానేశాడు. పిల్లల్లేని ఇంట్లో ఇద్దరూ దాని గురించే పోట్లాడుకునేవారు.

వీధివాళ్లు గురురాజ్ దగ్గరికి వెళ్లి తమకూ అలాంటి లైను కావాలన్నారు. ఆయన సానుభూతితో విన్నాడు. మనుషులకు రూల్ లేదని, పగ్గులకు మాత్రం వెసులుబాటు ఉందని చెప్పాడు. మునిసిపల్ ఎన్నికలు దగ్గర పడ్డాయి. కిందటిసారి పంచిన మిక్సీలు కరెంటు లేక అటకెక్కాయన్న విమర్శ ఉంది. అందుకని ఈసారి 'ఇంటింటికీ పగ్' పథకం ప్రకటించాడు. పత్రికలు దాన్ని దూరదృష్టి అన్నాయి.

వీధి నిండా పగ్గులు వచ్చాయి. ఇంటింటికీ లైను, లైనుకో ఏసీ. మే నెల మిట్టమధ్యాహ్నం ట్రాన్స్‌ఫార్మర్ పేలిపోయింది.

బాద్షా ఊపిరి ఈలలా కూయసాగింది. జయాబాయి దాన్ని తడి గోనెలో చుట్టి, చెప్పులైనా వేసుకోకుండా గురురాజ్ ఇంటికి పరుగెత్తింది. ఆయన వెంటనే మంత్రిగారికి ఫోన్ చేశాడు. ఏసీ వ్యాన్ నేరుగా జయాబాయి గుమ్మానికే వచ్చింది. ప్రభుత్వం ఇంత వేగంగా కదలడం ఆ వీధి ఎన్నడూ చూడలేదు.

డాక్టరు ఇంటింటికీ తిరిగి పగ్గులను పరీక్షించాడు. ఎండకు కళ్లు తిరిగి గడప మీద కూలబడ్డ మహదేవప్ప, తన నాడి కూడా చూడమని చెయ్యి చాపాడు. తాను పశువుల డాక్టరునని గుర్తుచేసి ఆయన పక్కింటికి వెళ్లాడు.

బాద్షాను జయాబాయే వ్యాన్‌లో పడుకోబెట్టింది. ఎప్పుడు తీసుకొస్తారని అడిగింది.

"బెంగళూరుల ఉంటదక్కా, చల్లగ ఉంటది. ఫికర్ చేయకు," అన్నాడు గురురాజ్.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని తలెత్తింది. నింగప్ప ఆమె ఇంటి ముందు స్తంభం మీదున్నాడు.

"ఏంది నింగప్పా, రిపేరా?"

"కాదక్కా, ఇప్పుతున్న. ఈ లైను బాద్షా పేరు మీద శాంక్షన్ అయింది. అది యాడికి పోతే ఇది గాడికే."

"మరి మేము?"

ఆమె అడిగింది గురురాజ్‌ను. ఆయన వ్యాన్ తలుపు మీద చెయ్యేసి, నిజంగానే ఆలోచించాడు.

"మీరు అలవాటు పడ్డోళ్లు గదక్కా," అన్నాడు. గొంతులో గౌరవం ఉంది.

నింగప్ప వైరు చుట్టుకుని దిగి, దాన్ని తెచ్చి వ్యాన్‌లో పెట్టాడు. బాద్షా దాని మీద తల వాల్చింది.