మా ట్రైలరుకు తలంటు

నాకు ఏకాంతం ఇష్టం. ఈ మాట మా ఆవిడ పద్మినితో ఎప్పుడన్నా, "అలాగే ఉండండి, ఉంటూ ఆ వంకాయలు తరగండి" అంటుంది.

అందుకే ఒక టూరిస్టు కంపెనీ మూతపడి తన ట్రైలరును అమ్మేస్తుంటే కొనేశాను. మంచం, కిటికీ, చిన్న వంటగట్టు ఉన్న చక్రాల గది అది. మా దీవిలో, ప్రోతరాపూర్‌లో మా ఇంటి ముందు, బస్టాపు పక్కనే నిలబెట్టాను. అందులో కూర్చుని నన్ను నేను తెలుసుకోవాలని నా ఉద్దేశం. ఆరు నెలల్లో తెలిసింది ఒక్కటే. కూర్చోగానే నాకు నిద్ర వస్తుంది.

ఈలోగా ఇక్కడి తేమకు ట్రైలరు పాచి పట్టింది. కొన్నప్పుడు తెలుపు, ఇప్పుడు చిలకపచ్చ. ఒక మేక వచ్చి దాన్ని నాకి, కాసేపు ఆలోచించి, మళ్ళీ నాకింది.

"ఏమండీ, ఇంట్లో పాచిపని నేను చేస్తున్నాను. బయట ఈ పాచి పనైనా మీరు చేయరా?" అంది పద్మిని.

"ముందు మనసులోని మురికి సంగతి చూడాలి పద్మినీ."

"దానికి సముద్రం కూడా చాలదు. ముందు దీన్ని చూడండి. ఆదివారం సాయంత్రానికి ఇది తెల్లగా ఉంటే మీ గది. లేదంటే నా టిఫిన్ సెంటర్. పక్కా!"

"మరి నీళ్ళు?"

"డ్రమ్ము ముట్టుకున్నారో, చూడండి! కుళాయి మంగళవారం గానీ రాదు."

నా ఏకాంతం ఇడ్లీల పాలవుతుందని భయం పట్టుకుంది. భయంలోనే మేధస్సు పుడుతుంది. ఆకాశం నుంచి ఊరికే పడే నీళ్ళుండగా డ్రమ్ముతో పనేమిటి? సబ్బు నేను రుద్దుతాను, కడగడం వాన చూసుకుంటుంది.

శనివారం సాయంత్రం బస్టాపులో ఉమేష్ కనిపించాడు. అతను ఫెరార్గంజ్ బస్సు కండక్టరు. దారి పొడవునా వానల లెక్క అతని నాలుక మీదే ఉంటుంది.

"ఉమేష్, వాన సంగతేమిటి?"

"అరె భయ్యా, కల్ ఫుల్ బారిష్! ఫెరార్గంజ్ అంతా నీళ్ళే!" అని అరిచాడు. బస్సు కదిలిపోయింది.

రేపు వాన ఖాయమనుకుని నేను ఈల వేసుకుంటూ ఇంటికి వచ్చాను.

ఆదివారం పొద్దున మబ్బు పట్టింది. నా స్నానం నీళ్ళు ఒక బకెట్టు త్యాగం చేసి, సబ్బుపొడి పొట్లం మొత్తం కలిపి, నిచ్చెన ఎక్కి, కొబ్బరిపీచుతో కప్పు నుంచి చక్రాల దాకా రుద్దాను. ట్రైలరే ఒక మబ్బులా తయారైంది. ఇక లోపలికి వెళ్ళి, పడుకుని, వాన కోసం ఎదురుచూశాను.

నిరీక్షణ మనిషిని లోతుగా చేస్తుందంటారు. నన్ను మాత్రం చెమటతో తడిపింది. లేచి చూస్తే మబ్బుల్లేవు. ఎండ ఫెళఫెళలాడుతోంది. నురుగంతా ఎండి, సున్నం వేసినట్టు ట్రైలరుకు అంటుకుపోయింది. కిటికీ అద్దం మీద కూడా తెల్లపొరే. బయటి ప్రపంచం కనపడటం లేదు.

బయటికి వచ్చేసరికి ఉమేష్ బస్సు దిగి నోరు తెరుచుకుని నిలబడ్డాడు. "యే క్యా కియా భయ్యా?"

"వాన ఏదయ్యా? కల్ అన్నావుగా!"

"హా, పడింది కదా! నేనన్న కల్ శుక్రవారం! మా బస్సే ఆగిపోయింది!"

హిందీలో కల్ అంటే రేపు, నిన్న కూడా. ఏదన్నదీ క్రియాపదం తేలుస్తుంది. క్రియ లేని వాక్యాన్ని నమ్మకూడదని ముప్పై ఏళ్ళు బడిలో పిల్లల చెవులు మెలిపెట్టి చెప్పిన హిందీ మాస్టారిని నేనే.

ఇంతలో పద్మిని వచ్చింది. ఓటమి అంచున మనిషి లాయరవుతాడు.

"చూడు, తెల్లగా ఉందా లేదా? నువ్వన్నది తెల్లగా అని. శుభ్రంగా అనలేదు."

పద్మిని ట్రైలరు చుట్టూ ఒకసారి తిరిగింది. "నిజమే. తెల్లగానే ఉంది. గది మీదే. వెళ్ళి కూర్చోండి."

అంత సులభంగా గెలవడం నాకు అలవాటు లేదు. అయినా లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. కాసేపటికి బయట కిర్రుకిర్రుమని చప్పుడు. కిటికీ మీది తెల్లపొరలో ఒక వేలు వెలుగు గీతలు గీస్తోంది. లోపలి నుంచి చూస్తే అక్షరాలు తిరగబడి ఉన్నాయి. నా అంతరంగమే ఏదో సంకేతం పంపుతోందని ఒళ్ళు గగుర్పొడిచింది.

ఎవరో కిటికీ తట్టారు. తెరిచాను.

"భయ్యా, దో ప్లేట్ ఇడ్లీ. పార్సల్."

అతని వెనక బస్సు దిగినవాళ్ళు నలుగురు. తల బయటపెట్టి చూస్తే, ట్రైలరు నిండా, కిటికీ మీదా జానెడేసి అక్షరాలు: ఇడ్లీ, వడ, ఉప్మా. పక్కన పొగలు కక్కుతున్న ఇడ్లీ పాత్రతో పద్మిని.

"పిండి ఎప్పుడు రుబ్బావు?"

"నిన్న మీరు ఈల వేసుకుంటూ వచ్చినప్పుడే పప్పు నానేశాను. మీరు ఈల వేశారంటే ఏదో చెడబోతోందని లెక్క."

"గది నాదన్నావుగా!"

"మీదే. ఎవరు కాదన్నారు? కౌంటరు కూడా మీదే."

"ఈ రాతలన్నీ ఇప్పుడే కడిగేస్తాను!"

"నీళ్ళేవీ?" అంటూ ఇడ్లీ పాత్ర కిటికీలోంచి లోపలికి తోసి, గరిటె నా చేతిలో పెట్టింది.

"భయ్యా, చట్నీ హై క్యా?" అన్నాడు మొదటివాడు.

నేను పద్మిని వైపు చూశాను. ఆవిడ కళ్ళతో గిన్నె చూపించింది.

"ఉంది" అన్నాను.