యోబు పండితుని ఎర్రదీప దమనము

తూర్పున నల్లమల గిరిశ్రేణి ప్రాకారమై, పడమట కుందూనది అగడ్తయై కావలి కాయు నంద్యాల సీమలో, పంతొమ్మిది వందల డెబ్బది ఎనిమిదవ సంవత్సరపు మే మాసమున, ప్రచండమార్తాండుడు ప్రొద్దు తొమ్మిదింటికే నెత్తిమాడ్చుచుండగా, ఆళ్లగడ్డ నుండి నంద్యాలకు పోవు రాజమార్గముపై, శిరివెళ్ల దాటగానే, తెలుగు పండితుడు యోబు నడుపుచున్న ముసలి కారులో, స్టీరింగు చక్రము వెనుక కందిగింజంత ఎర్రదీపము భగ్గున వెలిగెను.

అది వెలిగినచో ఇంజనుకు ఆయిలు అందుటలేదని అర్థము. లెక్కచేయక నడిపినచో ఇంజను బిగుసుకొని పోవునని ఆళ్లగడ్డ మెకానిక్కు శాసనము. నెలల తరబడి ఆ మాయావి వెలుగుచు ఆరుచు, మెకానిక్కు ఎదుట మాత్రము పరమసాధువై యుండెను. చూడబోయిన ఆయిలు నిండుగానే యుండును. వెలిగినప్పుడెల్ల యోబు కారాపి, బానెట్టెత్తి, రోగి తలపై వలె ఇంజనుపై కుడిచేయి యుంచి ప్రార్థించును, దీపమారును. ఇంజను విప్పవలెనన్న మెకానిక్కును చూచి ఆయన నవ్వెడివాడు.

నేడు వెనుక సీటులో పెండ్లికూతురు లూదియా, తండ్రిలేని చెల్లెలు. పదింటికి నంద్యాల చర్చిలో ఆమెను చేయిపట్టి నడిపింపవలసినవాడు తెల్లసూటు ధరించిన యోబే.

"సూటుకు మడ్డి అయితాది. చెయ్యి పెట్టొద్దు," అనెను భార్య జీవమ్మ, ఆయన కారాపి బానెట్టెత్తగానే. "దూరం నించే ప్రార్థన చెయ్."

యోబు చేతులు వెనుకకు కట్టుకొని ప్రార్థించి, పిమ్మట గర్జించెను: "ఓరీ రక్తనేత్రా! కల్యాణయాత్రావిఘ్నకారీ! నా సహోదరి కన్నీరు చిందకమునుపే కన్ను మూయుము!"

స్టార్టు చేసెను. ఆరలేదు. మరల ప్రార్థించెను. బేతంచెర్ల బండల లారీ దుమ్ము కొట్టి పోయినది కాని దీపమారలేదు. నాయన లేని పిల్లను నడిరోడ్డుపై నిలబెట్టితినే యని ఆ మహావీరునికి ఏడుపు వచ్చెను.

లూదియా తల బయటపెట్టెను. "అన్నా, దేవుడూ అదే, కారూ అదే. ఈపొద్దు మారిందేందీ?"

"చెయ్యి!" అని జీవమ్మ లేచెను. "రోజూ చెయ్యి యాడ పెడతాంటివి? చూపీ."

"ఈడ."

ఆ చోట, ఆయిలు ఒత్తిడిని కనిపెట్టు చిన్న స్విచ్చి నుండి దీపమునకు పోవు వైరు తొడుగు చిరిగి, ఇనుమునకు ఆనినప్పుడెల్ల అబద్ధపు కబురు పంపుచుండెను. ఇన్నాళ్లు పండితుని అరచేయి దానిని పక్కకు నెట్టుచుండెను.

జీవమ్మ చేతిరుమాలు చించి యిచ్చెను. సూటు మాట మరచి యోబు పీలిక చుట్టెను. ఇంజను గర్జించెను, దీపము చచ్చెను.

"చూస్తివా? దేవుడు నా చెయ్యి సరిగ్గా ఆడనే పెట్టిచ్చినాడు!"

"అది చూపిచ్చనీకె ఈపొద్దు సూటు తొడిగిచ్చినాడులే. ఎక్కు!"

చర్చి వాకిట యోబు తన నల్లని చేయి చూచి వెనుకకు దాచెను. లూదియా దానిని లాగి పట్టుకొనెను. ఇట్లు జానెడు పీలికతో కందిగింజంత దీపమును జయించిన మహాయోధుడు, చెల్లెలి తెల్లని చేతితొడుగుపై ఐదువేళ్ల మడ్డి విజయశాసనము చెక్కి, పాదిరిగారి వద్దకు నడిపించెను.