గుండెకు లామినేషన్

గుండెనొప్పికి చవకైన మందు దొరికింది. దాని పేరు లామినేషన్! పాఠకులు నవ్వే ముందు బషీరాబాద్ దగ్గర గొర్రెలు కాసుకునే బీరన్న సంగతి వినాలి.

ఆమధ్య ఒక పొద్దున బీరన్నకు ఛాతీ పట్టేసింది. ఎడమ చెయ్యి గుంజింది, చెమటలు పట్టాయి. భార్య కాశమ్మ గంటలోపే అతన్ని షేర్ ఆటోలో తాండూరులోని ఒక చిన్న దవాఖానకు తెచ్చింది. ఈసీజీ తీస్తే ఏమీ తేలలేదు. నర్సు జ్యోతిరాణి కొంచెం రక్తం తీసి, మంచం పక్కనే ఒక ప్లాస్టిక్ కార్డు మీద రెండు చుక్కలు వేసింది. గుండె దెబ్బతింటే రక్తంలోకి ట్రోపోనిన్ అనేది ఒకటి దిగుతుందట. ఉంటే రెండు గీతలు, లేకపోతే ఒకటే.

పావుగంటలో తీర్పు! ఒకప్పుడు రక్తం హైదరాబాదు పోయి రిపోర్టు తిరిగొచ్చేసరికి రోగి ఇంటికైనా పోయేవాడు, ఇంకెక్కడికైనా పోయేవాడు.

ఒకటే గీత వచ్చింది. జ్యోతిరాణి చీటీ మీద నెగటివ్ అని రాసి, కింద ఇంగ్లీషులో ఇంకేదో గీకి, బీరన్న చేతిలో పెట్టి పక్క మంచానికి ఉరికింది.

నెగటివ్ అంటే మంచిదని బీరన్న కరోనా నాడే నేర్చుకున్నాడు. మంచం దిగి నేరుగా బస్టాండు దగ్గరి జిరాక్స్ షాపుకు పోయి చీటీకి లామినేషన్ చేయించాడు.

తప్పేముంది? కాగితం చూపించకపోతే మనం పుట్టామని ఎవరైనా ఒప్పుకుంటారా? గుండె ఒక్కటే ఏం పాపం చేసింది?

ఆ లామినేషన్ కార్డు మహిమ ఊరంతా పాకింది. మిరపకాయ బజ్జీలు తిని ఛాతీ మండిన పరమేశ్ దాన్ని అడిగి తెచ్చుకుని రొమ్ము మీద పెట్టుకున్నాడు. అరగంటలో ఒక్క త్రేనుపు, మంట మాయం! అంజిలయ్య తన కొడుకు పెళ్లిచూపులకు పట్టుకుపోతానన్నాడు, పిల్లవాడి గుండె గట్టిదని చూపించడానికి. పుట్టిన ప్రతి బిడ్డకూ తలా ఒకటి ఇచ్చేస్తే గుండె డాక్టర్లందరూ హాయిగా కందులు పండించుకోవచ్చని నా మనవి.

ఈ మహిమను నమ్మనిది కాశమ్మ ఒక్కతే. గొర్రెపిల్లను ఒంటిచేత్తో ఎత్తే మనిషి ఇంటి నుంచి గొర్రెల దొడ్డి దాకా నడిచేలోపు మూడుసార్లు కూర్చుంటున్నాడు. కూర్చున్నప్పుడల్లా జేబులోంచి కార్డు తీసి చూసుకుంటున్నాడు.

“నొప్పి ఉన్నది కద,” అన్నది కాశమ్మ.

“కాయితంల లేదు,” అన్నాడు బీరన్న.

ఆమె కొట్లాడింది, అలిగింది, ఏడ్చింది. మనిషి చేజారిపోతున్నాడని ఆమెకు భయమైంది. తెల్లారి ఆ కార్డు చేతిలోకి తీసుకుని తారీఖు మీద వేలు పెట్టింది.

“ఓ మల్లిక నాయినా, ఇది నిన్నటిది. ఆదాయం సర్టిఫికెట్టుకు గడువున్నట్టు దీనికి గడువుండదా? పోయి రెన్యువల్ చేయించుకుందాం పా.”

బీరన్న గతుక్కుమన్నాడు. వెంటనే తువ్వాల భుజాన వేసుకున్నాడు. నొప్పికి కదలని మనిషి గడువుకు కదిలాడు.

ఈసారి దవాఖానలో పరీక్ష కార్డు మీద రెండు గీతలు తేలాయి. బీరన్న ముఖం వెలిగింది. బిడ్డ మల్లికకు నెల తప్పినప్పుడు ఇట్లాంటి కార్డు మీదే రెండు గీతలు వస్తే పోయినేడు వాడకట్టంతా పేడాలు పంచాడు మరి!

“రెండొచ్చినయ్. మంచిదే కద బిడ్డా?” అని జ్యోతిరాణిని అడిగాడు.

ఎనిమిది మంచాలకు ఒక్కతే నర్సైన జ్యోతిరాణి మొదటిసారి స్టూలు లాక్కుని కూర్చుంది. రెండు గీతలంటే గుండె దెబ్బతిన్నదని మెల్లగా చెప్పింది. నొప్పి మొదలైన గంటకే చూస్తే ఒక్కోసారి రక్తంలో ఏమీ కనిపించదనీ, అందుకే కొన్ని గంటలాగి మళ్లీ చూడాలనీ చెప్పింది. లామినేషన్ కింద తళతళలాడుతున్న తన ఇంగ్లీషును తానే తెలుగులో చదివింది: మూడు గంటల తర్వాత మళ్లీ పరీక్ష.

“గీ ముచ్చట నిన్ననే నోటితోని చెప్తే ఈడనే కూసుందుము కద బిడ్డా,” అన్నది కాశమ్మ.

అప్పటికే డాక్టరు అంబులెన్సుకు ఫోన్ చేస్తున్నాడు.

బీరన్న బతికాడు. హైదరాబాదులో స్టెంటు వేయించుకుని వచ్చి, ఇప్పుడు దగ్గరి బీళ్లలోనే మేపుకుంటున్నాడు. కాశమ్మ ఇప్పటికీ అతని వెనకే నడుస్తోంది.

జ్యోతిరాణి కూర్చుని చెప్పిన ఆ మాటలకు గోడ గడియారం ప్రకారం రెండు నిమిషాలు పట్టాయి. రక్తం నోరు విప్పడానికి పావుగంట ఓపిక పట్టిన మనకు, మనిషితో మాట్లాడటానికి ఆ రెండు నిమిషాలు ఒక రోజు ఆలస్యంగా దొరికాయి. రెండో నర్సును పెట్టేదాకా అవి ఎవరికి దొరుకుతాయో చెప్పలేం. ఆ ఇంగ్లీషు ముక్క మాత్రం నూరేళ్లు చెక్కుచెదరదు. లామినేషన్ చేయించాం కదా!