క్లారీ చెవీ, దిద్దుబాటు గుళికలూ

డీఎన్ఏను బాగుచేసే గుళికల్ని ఎవరైనా తిడితే నేను ఊరుకోను! ఆస్ట్రేలియాలో, ఈ క్వీన్స్‌లాండ్ ఎండలో బతికేవాళ్లకు అంతకన్నా వరం ఉందా?

మా పక్కింటి క్లారీనే తీసుకోండి. నలభై ఏళ్లుగా ఇళ్లకు రేకుల కప్పులు వేస్తున్నాడు. ఒంటిమీద చేతుల్లేని బనీను, నెత్తిన ఏమీ ఉండదు. టోపీ పెడితే చెమట కళ్లలోకి కారుతుందట. నిరుడు డిసెంబరులో ఎడమ చెవి వెనక మిరియపు గింజంత నల్లమచ్చ లేచింది.

"డాక్టరుకు చూపించవయ్యా" అంది భార్య డెస్లీ.

చర్మం డాక్టరు మా ఊరికి ఏడాదికొక్కసారి, నవంబరులో వస్తాడు. అప్పటికే వచ్చి వెళ్లిపోయాడు. గుళికలమ్మే లాక్లన్ మాత్రం ప్రతి శనివారం సంతకు వస్తాడు.

"చూడు క్లారీ, కణం రెండయ్యేటప్పుడు డీఎన్ఏకు నకలు తీస్తుంది. అందులో తప్పులు పడతాయి. ఎండ ఇంకా పాడుచేస్తుంది. దిద్దడానికి ఒంట్లోనే ఎంజైములున్నాయి. ఈ గుళికలోని రసాయనాలు వాటిని చురుకు చేయవచ్చు" అన్నాడు.

ఎంత నిజాయితీ! 'చేస్తాయి' అనలేదు, 'చేయవచ్చు' అన్నాడు. ఎలుకల్లో చేశాయట. ఎలుకలు రేకుల పనికి వెళ్తాయా అని అడిగే కుసంస్కారం మనకెందుకు? ఇదంతా ఆయన పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని, గొడుగంత టోపీ పెట్టుకుని, ముక్కుకు తెల్లక్రీము దట్టంగా పూసుకుని, గుడారం నీడలోంచి చెప్పాడు.

క్లారీ పూటకో గుళిక మింగాడు. మచ్చ బఠాణీ అంతయింది.

"పెరుగుతోందయ్యా!"

"మందు పనిచేస్తోందే పిచ్చిదానా! లోపలి చెడంతా బయటికి లాగుతోంది."

ఇంత ధైర్యం ఏ డాక్టరివ్వగలడు?

జూన్‌లో మచ్చ నుంచి నెత్తురు కారింది. డెస్లీ ఇక వాదించలేదు. మొగుణ్ణి బండిలో కూలేసి, ఆరు గంటలు తనే నడిపి, సముద్రపొడ్డున ఉన్న పెద్దాసుపత్రికి చేర్చింది. అక్కడ చర్మ క్యాన్సరని తేల్చి సగం చెవి కోసేశారు.

"ఆర్నెల్ల కిందట వచ్చుంటే రెండు కుట్లతో పోయేది కదండీ" అంది సర్జనమ్మ.

క్లారీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇదంతా డెస్లీ నాతో చెప్పి కళ్లు తుడుచుకుంది.

కట్టు విప్పిన వారమే క్లారీ, నేను కలిసి సంతకెళ్లాం. క్లారీ మిగిలిన చెవి ముక్క చూపించి, "ఏమోయ్ లాక్లన్, ఇదేం మరమ్మతు?" అన్నాడు.

లాక్లన్ తొణకలేదు. "గుళికలు వేసుకోకపోతే చెవి మొత్తం పోయేదేమో! ఎవరు చెప్పగలరు?"

నిజమే, ఎవరు చెప్పగలరు? చెప్పగలిగినాయన నవంబరులో గానీ రాడు!

అందుకే లాక్లన్ను తిట్టకండి. వానొచ్చినా వరదొచ్చినా వారం వారం మా ఊరికి వచ్చేది ఆయనొక్కడే. క్లారీని పేరుపెట్టి పిలిచి, మచ్చ చూపిస్తే వంగి ఓపిగ్గా చూసిందీ ఆయనే. ఆరోగ్యశాఖ వారికి నాదొక చిన్న మనవి. ఆయన కారులో వెనక సీటు ఎప్పుడూ ఖాళీయే. ఒక డాక్టరును ఎక్కించి పంపకూడదూ!