దూరమైపోయిన వెనక బ్లాకు

ఆదివారం పొద్దున్నే డ్రాయింగు టీచరు తన బొమ్మ ముగించింది. గేటు దగ్గర నిలబడితే కనిపించే వాళ్ల అపార్టుమెంట్లే అవి. తాముండే ముందు బ్లాకు ఇటుకరంగులో, కిటికీ ఊచలతో సహా స్పష్టంగా ఉంది. వెనక బ్లాకు మాత్రం బూడిద కలిసిన లేత నీలంలో, అంచులు కరిగి ఆకాశంలో కలిసిపోతోంది.

"వెనకదానికి రంగు చాల్లేదా?" అన్నాడు భర్త.

"దూరంగా ఉన్నవి అలాగే వెలిసినట్టు కనిపిస్తాయండీ. మధ్యలో అంత గాలి ఉంటుంది కదా."

అర్థం కాకపోయినా ఆయన మురిసిపోయాడు. అసోసియేషన్ సెక్రటరీ కాబట్టి ఆఫీసు గదిలో పెడదామని పట్టుకెళ్లాడు. అక్కడున్నది ఒకటే మేకు. దానికి వేలాడుతున్న, బిల్డింగులకు వెయ్యబోయే రంగుల కార్డు తీసి సొరుగులో పడేసి, బొమ్మ తగిలించాడు. ఆ మధ్యాహ్నమే దంపతులిద్దరూ ఆయన చెల్లెలి ఊరికి ప్రయాణమయ్యారు.

బస్సులో ఉండగా పెయింటింగు మేస్త్రీ ఫోను చేశాడు. "సార్, బిల్డింగులకు ఏ రంగు వెయ్యమంటారు?"

"ఆఫీసు గోడకు తగిలించాను చూడు. అచ్చం అలాగే వెయ్యి." కార్డు తీసేసిన సంగతి ఆయనకు గుర్తే లేదు.

మేస్త్రీ మాట జవదాటని మనిషి. వీళ్లు తిరిగొచ్చేసరికి ముందు బ్లాకు ఇటుకరంగులో నిగనిగలాడుతోంది. వెనక బ్లాకు ఉందో లేదో కళ్లు చికిలించి చూస్తేగానీ తెలియడం లేదు. పై అంతస్తు అంచుల్ని తడిగుడ్డతో అద్ది మరీ ఆకాశంలో కలిపేశాడు.

గేటు దగ్గరే వెనక బ్లాకు వాళ్లు చుట్టుముట్టారు.

"మీ బ్లాకుకు చిక్కటి రంగూ, మాకు నీళ్లు కలిపిందా?" అన్నాడు అందులో ఉండే లాయరు.

"మా బిల్డింగు కనపడలేదని కొరియరు వాడు పార్సిలు వెనక్కి పట్టుకెళ్లాడు," అంది ఇంకొకావిడ.

సెక్రటరీ రాజీనామా చెయ్యాల్సిందేనన్నారు. టీచరు సర్దిచెప్పబోయింది. "మీది కాస్త దూరంగా ఉంటుంది కదా అని..."

"అంటే మమ్మల్ని దూరం పెట్టారన్నమాట."

ఆవిడ విడమరిచి చెప్పేకొద్దీ గొడవ ముదిరింది. మళ్లీ ఇటుకరంగే వేయిస్తానని సెక్రటరీ ఒప్పుకోబోతుండగా ముందు బ్లాకు వాళ్లు గబగబా దిగొచ్చారు. వాళ్ల వంటింటి కిటికీలన్నీ వెనక బ్లాకు వైపే తెరుచుకుంటాయి.

"దాన్ని ముట్టుకోకు నాయనా," అంది ఒక బామ్మ. "ఇన్నాళ్లూ మా వంటింట్లోకి తొంగి చూస్తున్నట్టుండేది. ఇప్పుడు ఎక్కడో కొండల అవతల ఉన్నట్టుంది. ప్రాణానికి హాయిగా ఉంది."

లాయరు తన బాల్కనీకి ఎదురుగా ఉండే ముందు బ్లాకు గోడను తలుచుకున్నాడు. కొత్త ఇటుకరంగుతో అది మీదకొచ్చి పడేలా ఉంది. కాసేపు గడ్డం గోక్కుని, "అలాగైతే మా వైపున్న మీ గోడను కూడా దూరం చేయించండి," అన్నాడు.

తీర్మానం అక్కడికక్కడే నెగ్గింది. ఎదుటివాళ్లు వీలైనంత దూరంగా ఉండాలన్న విషయంలో రెండు బ్లాకులూ మొట్టమొదటిసారి ఒక్కటయ్యాయి.